బోర్లించిన గ్లాసు

మా అక్క ఏడేళ్ల పాటు ఆదివారం తప్ప మరే రోజూ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంటి గడప దాటలేదు. జైల్లో ఉన్నవాళ్లకైనా ఎప్పుడో ఒకసారి పెరోల్ దొరుకుతుంది. మా బంధువులు దీనికి రకరకాల కారణాలు చెప్పుకునేవారు. ఒళ్లు బద్ధకమని కొందరు, నలుగురిలో కలవని రకమని కొందరు. ఎక్కువమంది మాత్రం, మొగుణ్ణి కొంగున ముడేసుకుంది, కాస్త పక్కకు జరిగితే ముడి ఊడిపోతుందని భయం అనేవారు. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను, అందరికంటే కాస్త గట్టిగానే అన్నాను. ముడి ఎవరు ఎవరికి వేశారో తెలిశాక నా నోటిని నేనే తిట్టుకున్నాను.

నాకు అసలు సంగతి తెలియడానికి ఏడేళ్లు పట్టింది. మిమ్మల్ని అంతసేపు కూర్చోబెట్టను. మా బావ పశువుల దాణా మిల్లులో జొన్నలు వాసన చూసే ఉద్యోగి. ఆయన ముక్కుకు వాసన తెలియదు. ఆ ముక్కు పని మా అక్క ముక్కు చేసేది. సంగతంతా ఈ మూడు ముక్కలే. కానీ వాటి మధ్య మా అక్క ఎలా ఇరుక్కుపోయిందో ఎవరికైనా చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

దాణా మిల్లు గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. ఆవులకు, గేదెలకు, దూడలకు పెట్టే దాణాలో పెద్ద వాటా గింజదే. ఒకప్పుడు ఆ మిల్లులో మొక్కజొన్న వేసేవారు, అది ప్రియమైన దగ్గర్నుంచి జొన్న వేస్తున్నారు. ఏ జొన్న? మనుషులు వద్దన్న జొన్న. కంకి మీద ఉండగానే వానకు నల్లబడిందీ, గిడ్డంగి అడుగున ఏడాదిగా పడి ఉన్నదీ, రంగు చెడిందీ అన్నీ లారీలెక్కి అక్కడికి వస్తాయి. అందులో పనికొచ్చేదే ఎక్కువ. కానీ బూజు విషం పట్టిన లోడు ఒక్కటి లోపలికి పోయిందా, దూడలు చస్తాయి, చూలు ఆవులు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి.

పశువుకు తెలివి లేదనుకోకండి. చెడిన గింజ ముందు పోస్తే మూతి తిప్పుకుంటుంది. అయితే మిల్లులో గింజను పిండి చేసి, తౌడూ నూనెచెక్కా కలిపి, పైన బెల్లపు మడ్డి పోస్తారు. మడ్డి పడ్డాక ఆ తీపి వాసనలో మిగతా వాసనలన్నీ మునిగిపోతాయి. ఇక ఆవు కూడా మోసపోతుంది. అందుకని మడ్డి పడకముందే ఆవు తరఫున ఒక ముక్కు చూసి ఔననాలి, కాదనాలి. ఆ ముక్కు మా బావది.

అందరూ ఆయన్ను ముక్కు మేస్త్రి అనేవారు. నేను మరదల్ని కాబట్టి ఇంకాస్త చనువు తీసుకుని ‘ముక్కుగారూ’ అనేదాన్ని. బస్తాలో గొట్టం గుచ్చి గింజ లాగి, గుప్పిట్లో పోసుకుని, అందులోకి ‘హా’ అని వేడి ఊపిరి ఊది, మూడు లెక్కపెట్టేదాకా గుప్పిట మూసి ఉంచి, అప్పుడు ముక్కు దగ్గర తెరిచేవాడు. ఊపిరి వేడికి గింజ లోపలి వాసన బయటికి వస్తుందట. తర్వాత ఒక గింజను ముందు పళ్లతో కొరికేవాడు. టక్కుమంటే ఎండిన గింజ, మెత్తగా నలిగితే తడి గింజ. బూజు విషం కనిపెట్టే మిషన్ ఒకటుందని ఎవరో చెబితే మిల్లు యజమాని, “మేస్త్రి ముక్కు ఉండగా మిషనెందుకయ్యా? మిషన్‌కి రిపేర్లొస్తాయి” అన్నాడట. ముక్కుకు కూడా వస్తాయని ఆయనకు తోచలేదు.

ముక్కుకు రిపేరు ఎలా వచ్చిందంటే, బావ ఒకరోజు పేర్చిన బస్తాల మీంచి వెనక్కి పడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది. పదిహేను రోజులు పడుకుని లేచాడు. లేచిన మూడో రోజున అక్క పొయ్యి మీద కూర మరిచిపోయి, పరుగెత్తుకొచ్చి, “అయ్యో, పక్కనే కూర్చుని ఒక్క మాట చెప్పలేదేమండీ?” అంది. బావ, “ఏం చెప్పాలి?” అన్నాడు. గిన్నెలోంచి పొగ లేస్తోంది, ఆయన దానికి వీపు తిప్పి కూర్చుని ఉన్నాడు. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. తల దెబ్బకు ఒక్కోసారి వాసన పోతుంది, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అని డాక్టరు చెప్పాడు. వీళ్లిద్దరూ అందులో తమకు కావలసిన సగమే విన్నారు.

వాళ్లుండే ఇల్లు మిల్లువాళ్లది. వెనక గేటు పక్కన రెండు గదులు, రేకుల వరండా. వంటగది కిటికీ సరిగ్గా లారీలు ఆగే చోటికి తెరుచుకుంటుంది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. బావకు చదువు అంతంత మాత్రం, చేతిలో ఉన్న విద్య ముక్కొక్కటే. వాసన తిరిగొచ్చేదాకా పది రోజులు ఎలాగో నెట్టుకొద్దామనుకున్నారు. మొదటి లారీ రాగానే బావ పిడికెడు జొన్నలు చొక్కా జేబులో వేసుకుని, నీళ్లు తాగొస్తానని చెప్పి ఇంట్లోకి వచ్చాడు.

అక్కకు జొన్నల వాసన చూడటం కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో బావే నేర్పాడు. కొత్త పెళ్లానికి ఎవరైనా పూలో పళ్లో తెస్తారు, మా బావ జేబునిండా జొన్నలు తెచ్చేవాడు. ఇది ఏ గిడ్డంగిదో చెప్పు, ఇది ఎన్ని నెలలదో చెప్పు అని ఆడుకునేవారు. ఆ ఆటే ఇప్పుడు పనికొచ్చింది. అక్క గుప్పిట్లో ఊపిరి ఊది చూసి, “తడిసినదాన్ని ఆరబెట్టి తెచ్చారండీ, అడుగున బూజు ఉంటుంది” అంది. బావ వెళ్లి లారీ వద్దన్నాడు. డ్రైవరు గొడవపెట్టుకుంటే అడుగు బస్తాలు విప్పారు. పచ్చగా బూజు. యజమాని వచ్చి బావ భుజం తట్టి, “దెబ్బ తగిలాక నీ ముక్కు ఇంకా పదునెక్కిందయ్యా” అన్నాడు. ఆ మెచ్చుకోలుతో ఆ ఇంటి తలుపుకు బయటినుంచి గడియ పడింది.

పది రోజులు నెలయ్యాయి, నెల ఏడాది అయింది. పద్ధతి కూడా కుదిరింది. లారీకి మూడు పొట్లాలు, ముందు వరసదొకటి, మధ్యదొకటి, వెనకదొకటి. బావ నీళ్ల వంకతో వచ్చి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లేవాడు. అక్క మూడూ చూసి, కిటికీలో స్టీలు గ్లాసు పెట్టేది. గ్లాసు నిలబెట్టి ఉంటే లోడు మంచిది, బోర్లించి ఉంటే వెనక్కి పంపాలి. బావ అవతల లారీ పక్కన నిలబడి గుప్పిట్లో ఊపిరి ఊదుతూ, కళ్లు మూసుకుని తలాడిస్తూ, ఓరకంట కిటికీ చూసేవాడు. నాటకాల కంపెనీ వాళ్లు చూసి ఉంటే ఎగరేసుకుపోయేవారు.

మేస్త్రికి దాహం ఎక్కువ అని డ్రైవర్లు నవ్వేవారు. తమాషా ఏమిటంటే, అది ఆయన విద్యలో భాగమని మిల్లంతా నమ్మింది. నీళ్లు తాగితే ముక్కు శుభ్రపడుతుంది కాబోలునని యజమాని గేటు పక్కన ఒక కుండ పెట్టించాడు. బావ మాత్రం ఇంటి నీళ్లయితేనే తన ముక్కుకు పడతాయనేవాడు. గింజ పట్టే పనివాళ్లంతా బస్తా విప్పే ముందు గ్లాసెడు నీళ్లు తాగడం నేర్చుకున్నారు. ఇప్పటికీ అక్కడ అలాగే తాగుతున్నారట. ఈ సంగతి తెలిసినప్పుడు నేను పడీపడీ నవ్వాను, తర్వాత చాలాసేపు ఏడ్చాను.

ముక్కును కాపాడుకోవడానికి అక్క ఇంట్లో పెట్టుకున్న నియమాలు అన్నీ ఇన్నీ కావు. వంట పొద్దున ఆరుకల్లా అయిపోవాలి. పగలు పొయ్యి వెలిగించకూడదు, పోపు వేయకూడదు. వాసన సబ్బు లేదు, పౌడరు లేదు, తలనూనె లేదు. జలుబు చేస్తుందని చినుకు పడితే వరండాలోకి కూడా వచ్చేది కాదు. ఇవేవీ తెలియని నేను మధ్యాహ్నం వెళితే టీ అయినా ఇవ్వలేదని మూతి ముడుచుకునేదాన్ని. “మా అక్కకు మొగుడి జీతం మీద మమకారం, టీపొడి మీద ఇంకా మమకారం” అని మా ఆయన దగ్గర వెటకారాలు పోయేదాన్ని.

నా కాన్పు సంగతి మరీ ఘోరం. పాప పుట్టినప్పుడు పది రోజులు వచ్చి ఉండమని బతిమాలాను. పిల్లలు కలగని అక్క, నా కూతుర్ని నాకంటే ముందు ఎత్తుకుంటుందనుకున్నాను. ఆదివారం వచ్చింది. పాప మాడు మీద ముక్కు ఆనించి ఎంతసేపో అలాగే ఉండిపోయింది. మూడు గంటలుండి వెళ్లిపోయింది. నేను గుమ్మంలోనే అనేశాను, “వెళ్లు తల్లీ, వెళ్లు, మళ్లీ మీ ఆయనకు గ్లాసుతో నీళ్లెవరిస్తారు?” అని. అక్క ముఖం పాలిపోయింది. ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలియదు కదా. రెండేళ్లు మాటల్లేకుండా ఉన్నాం.

మళ్లీ మాటలు కలిపింది దగ్గు. ఒక ఆదివారం బజార్లో కనిపించింది. నాలుగు అడుగులు వేసి ఆగి, గోడ పట్టుకుని దగ్గుతోంది. పంతం గింతం ఎగిరిపోయి, చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఛాతీ ఫొటో తీయించి చూసి, “ధాన్యం దుమ్ములో పనిచేస్తారా అమ్మా? బూజు పట్టిన ధాన్యం దగ్గర?” అన్నాడు.

“లేదండీ. ఇంట్లోనే ఉంటాను” అంది అక్క.

“ఎక్కడుంటారో అక్కడ్నుంచి ముందు కదలండి. ఆ దుమ్ము పీల్చడం ఆపేస్తే ఊపిరితిత్తులు కొంత కోలుకుంటాయి. ఆపకపోతే గట్టిపడిపోతాయి. ఒకసారి గట్టిపడ్డాక నేను చేసేదేం లేదు.”

బయటికొచ్చాక, రేపే మా ఇంటికొచ్చెయ్ అన్నాను. “ఈ సీజన్ దాటనీవే” అంది. ఇంట్లో కూర్చునేదానికి సీజనేమిటని నాకు ఒళ్లు మండింది. మర్నాడు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్లాను. జుట్టు పట్టుకునైనా తీసుకొద్దామనే వెళ్లాను.

వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూశాను. గట్టు మీద మూడు పొట్లాలు. అక్క ఒకదాన్ని గుప్పిట్లో పోసుకుని ‘హా’ అని ఊదింది. ఆ ఊదడానికే ఊపిరి చాలక గట్టు పట్టుకుంది. గుప్పిట తెరిచి ముక్కులోకి పీల్చింది. వెంటనే దగ్గు ముంచుకొచ్చింది, వంగిపోయి దగ్గింది, కొంగుతో మూతి తుడుచుకుంది. మళ్లీ రెండో పొట్లం. మళ్లీ దగ్గు. మూడోది. తర్వాత లేచి కిటికీలో గ్లాసు బోర్లించింది. అవతల బావ గొంతు వినిపించింది, “ఈ లోడు వద్దు, వెనక్కి తిప్పు!” అని.

తలుపు తోసుకెళ్లి నిలదీస్తే అక్క మొదట్నుంచీ అంతా చెప్పింది. ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చేదాకా కూర్చుని, రాగానే కడిగేశాను. చనువంతా పక్కన పెట్టాను. “నీకు ముక్కు లేదు సరే బావా, కళ్లు కూడా లేవా? అది దగ్గుతుంటే కనపడదా?”

బావ తల ఎత్తలేదు. “కనపడుతుంది మరదలా. రోజూ చెబుదామనే పోతాను. యజమాని ఎదురుపడగానే నోరు పెగలదు. ఇన్నేళ్లు మోసం చేశావా అంటే ఏం చెప్పను? ఈ ఇల్లు, ఈ పేరు... నేనొట్టి బస్తాలు మోసేవాణ్ణయిపోతాను.”

“అది ఒట్టి ఫొటో అయిపోతుంది, గోడకి తగిలించుకో.”

“ఊరుకోవే” అంది అక్క. “ఆయన చెయ్యమంటే నేను చేశానా? నేనే చేశాను.” ఆమె చెప్పింది నిజమే. మొదటి పొట్లం తనే అందుకుంది. తలుపు ఒకరు మూశారని చెప్పడానికి లేదు, ఇద్దరూ చెరో రెక్కా వేశారు. అది తెలిసీ నాకు బావ మీద కోపం తగ్గలేదు.

పది రోజులు తిరక్కుండానే అక్కకు ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చాం. నాలుగు రోజులుండాలన్నారు. మొదటి రోజు ఆదివారం, మిల్లుకు సెలవు. రెండో రోజున బయట ఒకటే వాన. వాన వెలిస్తే లారీలు వరస కడతాయని అక్కకు తెలుసు. సాయంత్రం నేను వెళ్లేసరికి చేతికున్న సూది తనే పీక్కుని, చీర సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది. “తడిసిన సరుకంతా రేపు వస్తుందే. ఆయనొక్కడే ఏం చేస్తాడు?” అంటోంది. ఇదెక్కడి బంధమని తల బాదుకుని చివరికి నేనే అన్నాను, “నువ్వు పడుకో. రెండు రోజులు నేను కూర్చుంటాను ఆ కిటికీలో. చిన్నప్పుడు నీ ముక్కుతో పోటీకొచ్చినదాన్నే కదా.”

అలా నేను కూడా ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాను. అక్క చెప్పిన గుర్తులన్నీ బట్టీ పట్టాను. మట్టి వాసన వస్తే బూజు, పులుపొస్తే తడి, ఎలుక వాసన వస్తే పాత సరుకు. మొదటి రోజు ఐదు లారీలు, గండం గడిచింది. రెండో రోజు మూడో లారీ పొట్లం తెరిస్తే కమ్మని తీపి వాసన. బెల్లం గదిలోకి వెళ్లినట్టుంది. ఇంత మంచి జొన్న ఈ మిల్లుకు ఎలా వచ్చిందా అనుకున్నాను. గ్లాసు నిలబెట్టాను.

జొన్న రాశి లోపల్లోపల వేడెక్కి ఉడికితే మొదట తీపి వాసనే వస్తుందట. బూజుకు అది నాంది. ఆ సంగతి అక్క నాకు చెప్పలేదు, చెప్పాలని కూడా తోచలేదట, తనకు అంత మామూలు విషయం. తీపి వాసన మంచిదనుకోవడం నాలాంటి బయటి మనిషి మాత్రమే చేసే తప్పు.

ఇంటికొచ్చాక కూడా అక్క మంచం దిగలేదు, కిటికీలో గ్లాసు నేనే పెడుతున్నాను. వారానికి ఒక పాలావిడ మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. పదకొండు ఆవులున్న మనిషి. చేతిలో మడిచిన ఖాళీ దాణా సంచి. అరవలేదు, తిట్టలేదు. నేను అక్కకు మందులిస్తూ కిటికీ దగ్గరే ఉన్నాను, ఆమె బావతో అన్నది నాకు వినపడింది.

“రెండు దూడలు పోయాయి మేస్త్రీ. చూలావు ఒకటి ఈసుకుపోయింది. మీరు చూసిన గింజ కదా అని నేను కనీసం చేత్తో తీసి చూడలేదు. తొమ్మిదేళ్లుగా చూడలేదు.”

బావ చెయ్యి చాచి ఆ సంచి అందుకున్నాడు. ఆమె వెళ్లిపోయాక సరాసరి యజమాని గదిలోకి నడిచాడు. ఏడేళ్లుగా పెగలని నోరు ఆ రోజు పెగిలింది.

గంట తర్వాత ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నాకైతే ఉద్యోగం పోయినా ఇంత సంతోషమా అనిపించింది. “చెప్పేశాను” అన్నాడు. “అంతా చెప్పేశాను. ఆయన ఏమన్నాడో తెలుసా? ‘అయితే ఏడేళ్లూ ముక్కు మన మిల్లులోనే ఉందన్నమాట, పోలేదుగా’ అన్నాడు. కోప్పడలేదు. రేపట్నుంచి నిన్ను గేటు దగ్గరికి రమ్మన్నాడు. షెడ్డు కింద కుర్చీ వేయిస్తాడట. నీకు వేరే జీతం! ఇక ఈ గ్లాసులు, ఈ దొంగతనం ఏమీ ఉండవు. దర్జాగా చూడొచ్చు.”

నేను అక్క వైపు చూశాను. డాక్టరు చీటీ ఆమె దిండు కింద ఉంది. ఏడేళ్లు కిటికీ వెనక దాక్కుని పీల్చిన దుమ్మును ఇక నేరుగా లారీ పక్కన కూర్చుని పీల్చమంటున్నారు. మా బావ చెడ్డవాడు కాదు. అంత సంతోషంగా చెప్పాడంటే ఆయనకు నిజంగానే కనపడలేదు. పేగులు తెంపుకుని అరుద్దామని నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి నొక్కింది.

మర్నాడు యజమానే స్వయంగా ఇంటికొచ్చాడు. రెండు పొట్లాలు వంటింటి గట్టు మీద పెట్టి, “ఏదమ్మా, నీ విద్య చూపించు” అన్నాడు. అక్క మొదటి పొట్లం గుప్పిట్లో పోసుకుంది. ఊపిరి ఊదింది, మూడు లెక్కపెట్టింది, ముక్కు దగ్గర తెరిచింది. రెండోది కూడా అలాగే చేసింది. తర్వాత చేతులు దులుపుకుంది.

“నాకేం తెలియట్లేదండీ.”

“అంటే?”

“ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. మందుల వేడికో ఏమో. అన్నానికీ మన్నుకూ తేడా తెలియట్లేదు. ఆయన బాధపడతారని చెప్పలేదు.”

బావ ముఖంలో రక్తం లేదు. యజమాని తేలిగ్గా నమ్మే మనిషి కాదు. బయటికెళ్లి పనివాడి చేత ఒక డబ్బా తెప్పించాడు. కోళ్ల దాణాలో కలిపే చేపల పొడి, పాడైపోయి పారేయడానికి పక్కన పెట్టింది. మూత తీసి అక్క ముక్కు కింద పెట్టాడు. గుమ్మంలో ఉన్న నేనే కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాను. తిరిగి చూస్తే అక్క అలాగే కూర్చుని ఉంది. కనురెప్ప కూడా ఆడించలేదు. “ఏముందండీ ఇందులో?” అని అడిగింది.

యజమాని డబ్బా మూసేశాడు. బావ గోడకు జారగిలబడి కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. “నా జబ్బు నీకూ అంటించాను కదే” అన్నాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. మిల్లుకు మిషన్ వచ్చింది, దాన్ని నడిపే మనిషి వచ్చాడు, ఆ మనిషికి ఇల్లు కావాల్సి వచ్చింది. బావను పాత మనిషని కాటా దగ్గర లారీల బరువు రాసుకునే పనిలో వేశారు. ఇద్దరూ ఊరికి ఈ చివర మా వీధిలోనే ఒక మేడగది అద్దెకు తీసుకున్నారు. అక్క దగ్గు సగానికి సగం తగ్గింది. మిగతా సగం ఇక ఉంటుందన్నాడు డాక్టరు.

వచ్చిన కొత్తలో ఒక పొద్దున అక్క మా హాల్లో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని మాడు వాసన చూస్తోంది. నేను దొడ్లో బట్టలారేస్తున్నాను. “ఏమేవ్, పాలు అంటుకుంటున్నాయే!” అని కేక. పరుగెత్తి పొయ్యి ఆపి హాల్లోకి వచ్చాను. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

నేను ఊహించకపోలేదు. అయినా కూర్చుండిపోయాను. ఆ చేపల డబ్బా ముందు అక్క కనురెప్ప ఆడించకపోవడం గుర్తొచ్చింది. కాసేపయ్యాక, “బావకు చెప్పెయ్ అక్కా. ఇప్పుడు మిషనుందిగా. నిన్నెవరు రమ్మంటారు?” అన్నాను.

“రమ్మంటారని కాదే” అంది. “నేను అబద్ధమాడానని తెలిస్తే, ఆ ఏడేళ్లూ నేనెంత విసిగిపోయి చేశానో ఆయనకు తెలిసిపోతుంది. ఇష్టంగా చేశాననుకుంటున్నాడు. అలాగే అనుకోనీ.”

ఒక అబద్ధంలోంచి బయటపడటానికి ఇంకో అబద్ధంలోకి దూరి, లోపల్నుంచి తనే గడియ పెట్టుకుంది. ఇప్పుడు ఆదివారం సెలవు కూడా లేదు. భర్త పక్కనున్నంతసేపూ పాలు మాడినా, పూలు పూసినా, కాలవ కంపు కొట్టినా ఆమెకు తెలియకూడదు. నేను అక్కడుంటే ఆ వాసన నాకే మొదట తగిలినట్టు నటించాలి.

నిన్న సాయంత్రం వెళ్లాను. బావ కాటా పని ముగించుకుని మెట్లెక్కి వచ్చాడు. చొక్కా జేబులోంచి జామపండు తీశాడు, బాగా పండినది. గది గదంతా వాసనతో నిండిపోయింది. రోజూ ఏదో ఒకటి తెస్తాడు, ఒకరోజు నిమ్మాకు, ఒకరోజు కొత్త సబ్బు, ఒకరోజు మల్లెమొగ్గలు. తనకు రాని వాసన పెళ్లానికైనా తిరిగి రావాలని ఆయన ఆరాటం. పండును అక్క రెండు చేతుల మధ్య పెట్టి, “ఊపిరి ఊదు, వేడికి బయటికొస్తుంది” అన్నాడు.

అక్క ‘హా’ అని ఊదింది. కాస్త దగ్గింది. మూడు లెక్కపెట్టి, చేతులు తెరిచి, లోపలికంటా పీల్చింది.

“ఏమన్నా తెలిసిందా?”

నేను కిందికి చూస్తూ కూర్చున్నాను. నా నోట్లో నీళ్లూరుతున్నాయి.

“ఉహూ” అంది అక్క. లేచి కుండలోంచి నీళ్లు తాగి, గ్లాసు కడిగి, అలవాటున కిటికీలో బోర్లించింది.

బావ అది చూసి నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. “సరే, ఈ లోడు వెనక్కే” అన్నాడు. “రేపు ఇంకొకటి తెస్తానులే.”